జానెడు టేపు

మూడో ప్లేయరు ఈ ఉదయం కూడా మొరాయించింది. క్యాసెట్టును లోపలికి లాక్కుని, రెండు సెకన్లు తిప్పి, బయటికి నెట్టేసింది. ఎస్తేరు దాని మూత విప్పి, తిరిగే హెడ్డును స్పిరిట్‌తో తడిపిన మెత్తటి తోలుముక్కతో అడ్డంగా తుడిచింది. నిలువుగా తుడిస్తే దాని కొన విరుగుతుంది. విరిగితే ఇంకొకటి రాదు. దేశం మొత్తం మీద పనిచేస్తున్న హెడ్లు రెండు వందలకు లోపే. వాటిలో నాలుగు విజయనగరం టేపుల మార్పిడి కేంద్రంలో ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా ఆ నాలుగూ ఎస్తేరు చేతి కిందే తిరుగుతున్నాయి.

బల్ల మీద ఆ రోజు వంతు ఐదు క్యాసెట్లు. అన్నీ ఆటలవే. జిల్లా వాలీబాల్ పోటీలు, రైల్వే ఉద్యోగుల హాకీ, కాలేజీ మైదానాల్లో పరుగు పందేలు. ఎవరి అటక మీదో, ఏ క్లబ్బు బీరువాలోనో అరవై డెబ్బై ఏళ్ళు పడి ఉండి, తెల్లటి బూజు పట్టి ఇక్కడికి చేరతాయి. ఒక్కోదాన్నీ విప్పి, చక్రాన్ని చూపుడువేలితో నెమ్మదిగా తిప్పుతూ, బూజు పీల్చే గొట్టాన్ని టేపు అంచు వెంబడి నడపాలి. ఆ తర్వాత ప్లేయరులో పెట్టి కూర్చోవడమే. తొంభై నిమిషాల ఆటకు తొంభై నిమిషాలు. పాత టేపును తొందరపెట్టే విద్య 2061 నాటికి కూడా ఎవరికీ పట్టుబడలేదు.

మిగతా పని పూరణి అనే యంత్రానిది. టేపులో చెరిగిన చోట, వణికిన చోట, రంగు కారిపోయిన చోట అది ముందూ వెనకా ఉన్న బొమ్మలను చదువుతుంది. అదే ఏడాది, అలాంటి ఎండలో, అలాంటి మైదానాల్లో ఆడిన వేరే ఆటలను చదువుతుంది. అప్పుడు పోయిన బొమ్మను మళ్ళీ అల్లుతుంది. ఈ ఆటలన్నీ చివరికి చేరే క్రీడానిధిలో అర సెకను కన్నా ఎక్కువ చీకటి ఉండకూడదు. నిధి శాలల్లో జనం ఆటను చూడరు, ఆటలోకి నడిచి వెళతారు. గీత పక్కన నిలబడతారు, ఆటగాళ్ళ మధ్య తిరుగుతారు. అలా తిరిగే మనిషికి ఉన్నట్టుండి చుట్టూ మైదానం మాయమైతే కళ్ళు తిరుగుతాయని మొదటి నెలలోనే తేలింది. అప్పటి నుంచి ఖాళీ ఉన్న ఫైలును నిధి లోపలికి రానివ్వదు.

తొలి క్యాసెట్టు 1989 నాటి వాలీబాల్. పదింపావుకు అది పూర్తయింది. తెర మీద ఎప్పటి వాక్యాలే వచ్చాయి: పూరణలు 41. ఆనవాలు 98. సాక్షి సంతకం?

ఆనవాలంటే అల్లిన బొమ్మ నిజానికి ఎంత దగ్గరగా ఉందో పూరణి నూటికి వేసుకునే లెక్క. ఎస్తేరు బొటనవేలిని పలక మీద ఆనించింది. పూరణి నింపిన ప్రతిదాన్నీ ఒక మనిషి చూసి ఒప్పుకోవాలన్నది నిబంధన. సంతకం పడిందంటే ఆ బొమ్మ సాక్ష్యమైపోయినట్టే. రేపు ఇంకో టేపును నింపేటప్పుడు పూరణి దాన్ని కూడా ఆధారంగా తీసుకుంటుంది. ఎస్తేరు క్యాసెట్టును గోడలోని కరిగింపు గొట్టంలో వదిలింది. నలభై ఆరేళ్ళ వయసులో ఆమెకు ఈ పనిలో ఇష్టమైనది ఏదైనా ఉందంటే, వదలడానికి ముందు క్యాసెట్టు వెన్ను మీద చేతిరాతను ఒకసారి చదవడం. దీని మీద నీలం సిరాతో, "ఫైనల్సు, చెరపవద్దు" అని ఉంది.

అప్పుడే తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఎనభై అయిదేళ్ళుంటాయి. పొడుగ్గా, ఇంకా నిటారుగా ఉంది. చేతిలో మూత బిగించిన చిన్న స్టీలు డబ్బా.

"ఇక్కడేనామ్మా ఆటల టేపులు తీసుకునీది?"

"బయట పెట్టె ఉంది మామ్మగారూ. అందులో వేసి, చీటీ మీద పేరు రాస్తే చాలు."

"పెట్టెలో ఏసీడానికైతే మా పాలకొండలోనే ఏసీదాన్ని. ఓపాలి సూసి ఇద్దామనీసి ఒచ్చినాను."

బయటివాళ్ళు టేపుల గదిలోకి రాకూడదు. ఆ మాట చెప్పేలోపే ఎండ గంట మోగింది. పదిన్నర నుంచి నాలుగు దాకా వీధిలో మనిషి తిరగకూడదు, ఎవరినీ వీధిలోకి పంపకూడదు కూడా. కిటికీల మీదికి రేకు తెరలు దిగాయి. ఎస్తేరు నవ్వి, రెండో కుర్చీని ప్లేయరు పక్కకు లాగింది.

ఆవిడ పేరు గొర్లె దాలమ్మ. డబ్బాలో సగం దాకా బియ్యం, బియ్యంలో పాతిపెట్టిన క్యాసెట్టు. చెమ్మ తగలకుండా అలా దాచానని చెప్పింది. ఎస్తేరు దాన్ని బయటికి తీసి దులిపి చూసింది. బూజు చుక్క లేదు. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైన టేపు ఆమె చేతికి రాలేదు.

"ఇంట్లో చూసి ఎన్నాళ్ళయింది?"

"మా మిషను పాడయ్యి నలభై ఏళ్ళు పైమాటే. అంతకు ముందర సానా సార్లు సూసినాను. మొన్న కాయితం ఒచ్చింది, ఏడాది ఆకరికల్లా టేపులన్నీ అప్పగించాలని. మీరు కరిగించీస్తారట గదా."

"అవునండీ."

"అందుకే."

టేపును చేత్తో చివరిదాకా తిప్పి చూస్తున్నప్పుడు ఎస్తేరు వేలికి అతుకు తగిలింది. చివరికి దగ్గర్లో, ఎవరో కత్తెరతో కోసి మామూలు సెల్లోటేపుతో అంటించారు. అది అలాగే వెళితే హెడ్డుకు జిగురు పట్టేస్తుంది. ఎస్తేరు భూతద్దం కింద దాన్ని ఊడదీసి, శుభ్రం చేసి, అతుకు పట్టీతో మళ్ళీ కలిపింది. అతుకుకు అటూ ఇటూ టేపు నలిగి, గీతలు పడి ఉంది.

"ఇక్కడ కొంత ముక్క పోయింది మామ్మగారూ."

"జానెడు," అంది దాలమ్మ. "మిషను నమిలీసింది. మా తమ్ముడు కోసీసి అతికించినాడు. ఆ ముక్క పొయ్యిలో పడీసినాడు, తెలీక."

ప్లేయరు తిరిగింది. తెర మీద ముందు గులాబీల చట్రం, దాని మధ్యలో మైదానం. తీసినవాడు పెళ్ళిళ్ళ వీడియోగ్రాఫరు. చేతి అలవాటు పోక మొదట ముఖ్య అతిథి మెడలో దండను, తర్వాత కుర్చీల వరసలో ఆడవాళ్ళ చీరలను, తర్వాత ఐసు బండిని ఓపిగ్గా తీశాడు. మూలన నారింజరంగు అంకెలు: 18 2 1996. ఏలూరు, అంతర్ జిల్లా మహిళల కబడ్డీ, ఫైనల్. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి. నేల మీద సున్నంతో గీసిన బరి. ఆటగత్తెల అడుగులకు గీతలు చెరుగుతుంటే ఒక మనిషి మధ్యమధ్యలో డబ్బాతో వచ్చి మళ్ళీ పోసి వెళుతున్నాడు. ఎక్కడో పక్క వీధిలో పెళ్ళి మేళం. మైకులో స్కోరు చెబుతున్న గొంతు, ఆ గొంతు మీదుగా సన్నగా కూత.

దాలమ్మ తెర మీదికి వంగి పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఆ పొట్టిది కాంతం, ఎగిరిందంటే ఎవరికీ దొరకదు. ఆ రెండు జడల గుంట భూలోకం. మెట్ట మీద ఊరు దానిది, రోజూ ఆరు మైళ్ళు నడిచొచ్చి ఆడీది. అరగంట తర్వాత ఆవిడకు పక్కన మనిషి ఉన్నట్టే గుర్తు లేదు. కాంతం పట్టుబడినప్పుడు "అయ్యో, ఎనక్కి రాయే" అని తెరతో అంది. ఎస్తేరు తెరను వదిలి ఆవిడ ముఖం చూస్తూ కూర్చుంది. ఈ గదిలోకి రోజూ ఆటలు వస్తాయి గాని ఆడినవాళ్ళు ఎప్పుడూ రారు.

"మీరేరి?"

"ఆరో నెంబరు. మోకాలికి నల్లపట్టీ."

ఆరో నెంబరు అమ్మాయి పొడుగ్గా, బరి వెనక గీతకు ఆనుకుని, చేతులు కిందికి వదిలేసి నిలబడి ఉంది. వయసు ఇరవై. అటువైపు నుంచి కూతకు వస్తున్న అమ్మాయి సన్నగా, చురుగ్గా ఉంది. ఆమె గీత దాటిన ప్రతిసారీ జనంలో కేక లేస్తోంది.

"అది సత్యవేణి. కడలి సత్యవేణి. అలాటి కాళ్ళు నాను మళ్ళీ సూడ్లేదు."

చివరి నిమిషానికి శ్రీకాకుళం ఇరవై మూడు, పశ్చిమ గోదావరి ఇరవై రెండు. శ్రీకాకుళం బరిలో ఆరుగురు అవుటై బయట కూర్చున్నారు. దాలమ్మ ఒక్కతే మిగిలింది. సత్యవేణి చివరి కూతకు వచ్చింది. దాలమ్మను తాకి గీత దాటిందంటే జట్టంతా అవుట్, ఆటా కప్పూ వాళ్ళవి. తాకలేకపోతే వీళ్ళవి. సత్యవేణి ఎడమకు వంగి, కుడికి తిరిగి, నేలకు అంటుకుపోయినంత కిందికి జారుతూ చెయ్యి చాచింది.

తెర నల్లబడింది. మరుక్షణం రిఫరీ రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. సత్యవేణి గీత అవతల, తమ వైపున మోకాళ్ళ మీద ఉండి, వెనక్కి తిరిగి ఆరో నెంబరును చూస్తోంది. శ్రీకాకుళం అమ్మాయిలు బరిలోకి పరిగెత్తుకొస్తున్నారు. తర్వాత సత్యవేణి లేచి రిఫరీ మెడలోని విజిల్ తాడు పట్టుకుని లాగింది. కెమెరా కంగారుపడి ఆకాశం వైపు తిరిగింది. అక్కడితో టేపు అయిపోయింది.

పూరణి పనిలోకి దిగింది. పెళ్ళి మేళం దరువును లెక్కపెట్టి, పోయింది పది సెకన్లని తేల్చింది. నాలుగు నిమిషాలలో పది సెకన్లనూ అల్లేసింది. ఎస్తేరు దాన్ని తెర మీద పెట్టింది.

అతుకు ఎక్కడో కనిపెట్టలేనంత బాగా వచ్చింది. సత్యవేణి చెయ్యి చాచింది. దుమ్ము లేచింది. ఆరో నెంబరు కాలు వెనక్కి తీసింది. వేళ్ళకూ మోకాలికీ మధ్య నాలుగంగుళాల ఎండ స్పష్టంగా కనిపించింది. సత్యవేణి పొర్లి గీత చేరింది. రిఫరీ చేతులు ఊపాడు.

ఆనవాలు 97. సాక్షి సంతకం?

"చూశారా, ఎంత బాగా వచ్చిందో," అంటూ ఎస్తేరు పక్కకు తిరిగింది.

దాలమ్మ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని ఉంది.

"అది నాను కాదు," అంది.

"మీరేనండీ, ఆరో నెంబరు."

"మనిషి నానే. జరిగింది అది కాదు. తాకిందమ్మా." ఆవిడ తన చీర మీది నుంచే మోకాలి అంచు చూపించింది. "ఇక్కడ. పట్టీ సివర. రెండు వేళ్ళు. తాకీసి, గీత దాటీసి, తాకినానని అరిసింది. రిఫరీకి దుమ్ములో కనపడనేదు. నా కాడికొచ్చి, నీకేమైనా తగిలిందా అమ్మా, నిజం సెప్పు అన్నాడు. నేదని తలూపినాను."

ఎస్తేరు తన కుర్చీని ఆవిడ వైపు తిప్పుకుంది.

"దానికి కోపమొచ్చీసింది. రిఫరీ మీద సెయ్యేసిందని రెండేళ్ళు ఆడనివ్వలేదు. తర్వాత పెళ్ళి సేసేసినారు. మరి ఆడనేదు. నాకు ఆ కప్పు కాయితం మీద గుమస్తా ఉద్యోగం వొచ్చింది. ముప్పైరెండేళ్ళు సేసినాను. ఆ కుర్సీ దానిది."

"ఈ టేపు మీకెవరిచ్చారు?"

"గెలిసినోళ్ళకి తలా ఒకటి పంపినారు. మావోళ్ళంతా పండగ సేసుకున్నారు. నాను మాత్రం అందరూ పడుకున్నాక ఆ ముక్క కాడ ఆపీసి సూసీదాన్ని. తాకినట్టు కనపడతాదా నేదా అని. మళ్ళీ ఎనక్కి తిప్పి, మళ్ళీ ఆపీదాన్ని. ఓపాలి కనపడినట్టే ఉండీది, ఓపాలి నేదు. ఏళ్ళ తరబడి అదే పని. ఆకరికి మిషను నమిలీసింది."

ఎస్తేరుకు అతుకు పక్కనున్న గీతలు అర్థమయ్యాయి. టేపును ఒకే చోట ఆపి ఉంచితే హెడ్డు అక్కడే తిరుగుతూ దాని పూతను గీకేస్తుంది. మిషను నమలకముందే ఆ బొమ్మ సగం అరిగిపోయి ఉంటుంది.

"సత్యవేణి గారు ఉన్నారా?"

"ఉంది. నరసాపురంలో, మనవరాలి కాడ. మీ నిధిలో ఎవులైనా సూడొచ్చు గదా, దాని మనవలు కూడా సూస్తారు, టేపే నిజం సెప్పీస్తాది, నాను నోరిప్పక్కర్నేదు అనుకున్నాను. ఇప్పుడీ బొమ్మ సూస్తే మా ముసల్దే అబద్దాలకోరు అనుకోరా?"

ఎస్తేరు పూరణిలో వ్యక్తి జ్ఞాపకం అనే గడి తెరిచి, దాలమ్మ చెప్పింది చెప్పినట్టు రాసింది. పూరణి ఒక్క క్షణం ఆలోచించింది. ఆనవాలు తొంభై ఏడు నుంచి తొంభై ఆరుకు దిగింది. రిఫరీ తీర్పు, స్కోరు పలక, పత్రికల్లో వచ్చిన ఫలితం ఒక పక్కన, అరవై అయిదేళ్ళ తర్వాత ఒక మనిషి మాట ఇంకో పక్కన. పూరణి లెక్కలో ఆ మాట బరువు అంతే.

"ఇంకో దారి ఉంది," అంది ఎస్తేరు. "తాకినట్టు అల్లమంటే అల్లుతుంది. ఆనవాలు తక్కువ చూపిస్తుంది, కానీ నేను సంతకం పెడితే వెళ్ళిపోతుంది. పెట్టమంటారా?"

దాలమ్మ తల అడ్డంగా ఊపింది.

"అదీ బొమ్మే గదమ్మా. నాను సెప్పవలసిన మాట మిషను సేత సెప్పించీడవేటి?" అని, కొంచెం ఆగి అడిగింది. "నీ మనుషులెవులైనా ఉన్నారా ఈ టేపుల్లో?"

ఎస్తేరు తన ఫైళ్ళ వరసలోంచి ఒకటి తెరిచింది. విశాఖ, హార్బరు కార్మికుల ఫుట్‌బాల్, 1998. గోలు కర్రల మధ్య ఒక యువకుడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బంతి దూసుకొచ్చింది. అతను గాల్లోకి లేచాడు, శరీరమంతా విల్లులా వంగింది, వేళ్ళ కొసలతో బంతిని అందుకుని నేల మీద పడ్డాడు.

"మా నాన్న. దావీదు ఆయన పేరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయారు. ఆ మైదానం ఇప్పుడు సముద్రం కట్ట కిందుంది. ఆయన కదులుతూ ఉన్నది ఇదొక్కటే."

"బాగున్నాడు. ఎంత పైకి ఎగిరినాడో." దాలమ్మ మళ్ళీ ఒకసారి వేయమంది. చూసి, మెల్లగా అడిగింది. "ఇందులో మీ నాన్నెంత, మిషనెంత?"

ఎస్తేరుకు తెలియదు. ఆ టేపు వచ్చినప్పుడు బాగా పాడై ఉంది. ఏ చోట పూరణి అల్లిందో చూపించే గీతలను ఆమె ఆ రోజు కావాలనే తెరవలేదు. సంతకం పెట్టి, ఒక ప్రతి తన దగ్గర ఉంచుకుంది. తొమ్మిదేళ్ళలో వందలసార్లు చూసింది. తండ్రి అంటే ఆమెకు గుర్తొచ్చేది ఇప్పుడు ఆ గెంతే. దానికి ముందు ఏం గుర్తుండేదో గుర్తు లేదు.

ఆమె కబడ్డీ ఫైలుకు తిరిగి వచ్చింది. సాక్షి సంతకం? పలక కింద ఇంకో మీట ఉంది: నిరాకరణ. దాన్ని ఇంతవరకూ ఎప్పుడూ నొక్కలేదు. నొక్కింది.

పూరణి కారణం అడిగింది. బొమ్మ మసక. రంగు తేడా. కదలికలో దోషం. ధ్వని కుదరలేదు. ఇతరం. ఎస్తేరు ఇతరం ఎంచుకుని, మీటల మీద వేళ్ళు పెట్టి ఆలోచించింది. తాకిందని రాయలేదు, ఎందుకంటే అది దాలమ్మకు తెలుసు గాని తనకు తెలియదు. తాకలేదనీ రాయలేదు. చివరికి మూడు మాటలు రాసింది.

నేను అక్కడ లేను.

పూరణి ఈసారి ఎక్కువసేపు తీసుకుంది. తర్వాత తెర మీద ఆమె ఎన్నడూ చూడని వాక్యం వచ్చింది: ఈ కారణం మీ మునుపటి 11,118 సంతకాలకు వర్తిస్తుందా?

ఎస్తేరు కుర్చీలో వెనక్కి వాలింది. అది నిలదీయడం కాదని ఆమెకు తెలుసు. పూరణికి తప్పుపట్టడం రాదు. ఒక చోట చెల్లిన కారణం ఇంకో చోట చెల్లుతుందా లేదా అన్నదే దానికి కావాలి. కాదు అంటే ఇక్కడితో అయిపోతుంది. ఈ ఒక్క ఫైలూ పక్కకు వెళుతుంది, దాలమ్మ టేపు గొట్టంలోకి వెళుతుంది, సాయంత్రానికి మిగతా నాలుగు క్యాసెట్లూ అవుతాయి. అవును అంటే తండ్రి గెంతు పోతుంది.

"ఏటడుగుతోందమ్మా?" అంది దాలమ్మ.

"ఎప్పుడైనా అక్కడ ఉన్నావా అని అడుగుతోంది."

"ఉన్నావా?"

"లేనండీ. ఒక్కదానిలోనూ లేను."

ఆమె 'వర్తిస్తుంది' నొక్కింది.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత ఆమె ఫైళ్ళ వరసలో ఆకుపచ్చ గుర్తులు పైనుంచి కిందికి ఒక్కొక్కటీ పసుపు రంగులోకి మారసాగాయి. ప్రతి దాని పక్కనా ఒకే మాట: తెరిచి ఉంది. అంటే పూరణి అల్లింది తీసేసి, ఖాళీని ఖాళీగానే వదిలేసినట్టు. ఏడో నిమిషంలో హార్బరు ఆట వంతు వచ్చింది. ఎస్తేరు దాన్ని తెరిచి చూడలేదు. మరో రోజు చూస్తుంది. ఆమె సంతకాలను ఆధారం చేసుకుని అల్లిన బొమ్మలు వేరే కేంద్రాల్లో అరవై వేలకు పైగా ఉన్నాయి. అవీ తెరుచుకోవడం మొదలైంది.

ఒంటిగంటకు హైదరాబాదు నుంచి పర్యవేక్షకుడు నరహరి మాట్లాడాడు. ఆయన గొంతులో కోపం లేదు, కంగారు ఉంది.

"ఎస్తేరు గారూ, మీ పలకేమైనా పాడైందా?"

"లేదండీ. నేనే నొక్కాను."

"శాలల్లో జనం ఉన్నారమ్మా. ఆటల మధ్యలో చీకటి పడుతోంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గాని, ఎక్కడివాళ్ళు అక్కడ కూర్చుండిపోయారు. మీరు ఆ జవాబు వెనక్కి తీసుకుంటే గంటలో సర్దేయొచ్చు."

"నేను అక్కడ లేనని రాశాను. ఉన్నానని రాయమంటారా?"

"అందరికీ తెలిసిన సంగతే కదా అది," అన్నాడు నరహరి.

"పూరణికి తెలియదండీ. దానికి ఎవరూ చెప్పలేదు."

"ఇప్పుడు తెలిసింది. అదే ప్రశ్న అన్ని కేంద్రాలనూ అడుగుతోంది. కర్నూలులో ఆయన తన సంతకాలన్నీ వెనక్కి తీసుకున్నాడు. వరంగల్‌లో ఆవిడ ఇంకా ఏదీ నొక్కలేదు, తెర ముందు అలాగే కూర్చుని ఉందట." నరహరి గొంతు సవరించుకున్నాడు. "ఇన్ని ఖాళీలు ఎవరు నింపుతారమ్మా?"

"ఆడినవాళ్ళను అడుగుదాం. బతికున్నవాళ్ళను. ఎవరూ లేనిచోట ఖాళీ అని రాద్దాం."

"నేను పైవాళ్ళకు ఏమని చెప్పను?"

"నేనన్నది చెప్పండి."

ఆయన ఇంకేదో అనబోయి, మళ్ళీ మాట్లాడతానని పెట్టేశాడు.

దాలమ్మ ఈ మాటలన్నీ వింటూ కూర్చుంది. "నావల్ల నీకేటైనా అవుద్దా?" అని అడిగింది. అవ్వొచ్చని ఎస్తేరు దాచకుండా చెప్పింది. తర్వాత మైకు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. సత్యవేణి చెయ్యి చాచిన బొమ్మ దగ్గర టేపు ఆగుతుంది. అక్కడి నుంచి రిఫరీ చేతులు ఊపే దాకా పది సెకన్లు తెర నల్లగానే ఉంటుంది. ఆ పది సెకన్లూ మీవి, ఎప్పుడు మొదలుపెట్టాలో చేత్తో చూపిస్తాను అంది.

"పది సెకన్లలో ఏటి సెప్పగలను?"

"ఎంత వస్తే అంత."

దాలమ్మ పెదాలు కదుపుతూ రెండు మూడుసార్లు లోలోపల చెప్పుకుంది. ఒకసారి తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటి నుంచి కూడగట్టుకుంది. నోట్లో నీళ్ళు పోసుకుని మింగింది. చీర కొంగు సర్దుకుని, ఎవరో ఎదురుగా వస్తున్నట్టు కుర్చీలో ముందుకు జరిగింది. ఎస్తేరు చెయ్యి దించింది.

"సత్యవేణీ, నాను దాలమ్మని. నువ్వు నన్ను తాకినావు. మోకాలి పట్టీ మీద, రెండు వేళ్ళు. రిఫరీ అడిగితే నేదన్నాను. నీ ఆట నాను తినీసినాను."

ఒక్క ఊపిరిలో అన్నది. అంతటితో మాటలు అయిపోయాయి. ఇంకా మూడు సెకన్లు మిగిలాయి. ఎస్తేరు రికార్డింగు ఆపలేదు. అంకెలు కదులుతున్నాయి. దాలమ్మ ఆ నల్లటి తెరను చూస్తూ, ఈసారి గొంతు బాగా తగ్గించి అడిగింది.

"బాగున్నావా?"